ఎర్ర చుక్క ఉన్న స్క్రూ

చేతిలోంచి జారిన స్క్రూ ఎక్కడికి పోతుందో ఇంతవరకూ ఎవరూ కనిపెట్టలేదు. 'టింగ్'మని చప్పుడు మాత్రం వినిపిస్తుంది. ఆ చప్పుడు ఎటువైపు నుంచి వచ్చిందో ఇంట్లో నలుగురుంటే నలుగురూ నాలుగు మూలలు చూపిస్తారు. మంచాలు జరుపుతాం, చీపురు తిరగేస్తాం, బోర్లా పడుకుని బీరువా కింద టార్చి వేస్తాం. ఎప్పుడో పోయిన దువ్వెన దొరుకుతుంది, పిల్లల పెన్సిలు దొరుకుతుంది. స్క్రూ దొరకదు.

సరిగ్గా పది రోజుల క్రితం మా ఆవిడ కుట్టుమిషన్‌కి, సూది కింద ఉండే పలకని బిగించే రెండు స్క్రూల్లో ఒకటి మాయమైంది. మాయమైన అరగంటలో నిందితుణ్ణి కూడా పట్టుకున్నారు. నేనే. విచారణ లేదు, సాక్షులు లేరు, వాయిదాల్లేవు. "మీ డబ్బాలో వేసుకునుంటారు" అని తీర్పు.

డబ్బా సంగతి చెప్పాలి. అదొక పాత బిస్కెట్ల డబ్బా. ఇరవై ఏళ్లుగా నేను ఇంట్లో విప్పి బిగించిన ప్రతి వస్తువులోంచీ మిగిలిన స్క్రూలన్నీ అందులో ఉంటాయి. వస్తువు విప్పి బిగించాక ఒకటో రెండో మిగలడం సహజం. ఆ తర్వాత వస్తువు పనిచేస్తే ఆ స్క్రూలు అనవసరమైనవని అర్థం. పనిచేయకపోతే ఆ వస్తువే అనవసరమైనదని అర్థం. ఈ మాట మా ఆవిడకి ఎన్నిసార్లు చెప్పినా ఎక్కలేదు.

కొందామని వెళ్తే కొట్టువాడు ఒక్క స్క్రూ అమ్మనన్నాడు. మొత్తం సెట్టు కొనమన్నాడు, కుదిరితే మిషనే మార్చెయ్యమన్నాడు. చివరికి పలక కదలకుండా అగ్గిపుల్ల విరిచి పెట్టాను. అది రెండు కుట్లు ఆగింది. మూడో కుట్టుకి మా ఆవిడ నన్ను చూసింది.

నేను వృత్తిరీత్యా డిటెక్టివ్‌ని. తప్పిపోయిన మనుషుల్ని ఇప్పటిదాకా పదకొండు మందిని పట్టుకొచ్చాను. వాళ్లలో ముగ్గురికి దొరకడం అస్సలు ఇష్టం లేదు కూడా. అలాంటివాణ్ణి ఒక స్క్రూ దగ్గర ఓడిపోయానని ఆఫీసులో కూర్చుని కుమిలిపోతుంటే, మంగళవారం మధ్యాహ్నం ఒంటిగంటకి ఫోను మోగింది.

"అన్నయ్యగారూ, మీరు వెంటనే రావాలి. నాన్న కేసు ప్రమాదమని రాసేసి నా చేత సంతకం పెట్టించుకుంటానంటున్నారు మీ బావమరిది."

ఫోన్లో మాట్లాడింది రేంజరుగారి అమ్మాయి. రేంజరుగారు అటవీ శాఖలో ముప్ఫై ఏళ్లు చేసి రిటైరైన మనిషి, మాకు రెండు వీధుల అవతల ఉంటారు. ఆదివారం ఉదయం పది ఇరవైకి, ఆయన గదిలో, ఆయన రివాల్వర్ పేలి, తూటా భుజం కింద నుంచి దూసుకుపోయింది. కింద పడ్డప్పుడు తల మంచం కోడుకి తగిలింది. అప్పటి నుంచీ ఆస్పత్రిలో స్పృహ లేకుండా ఉన్నారు.

బావమరిది అంటే మా ఆవిడ తమ్ముడు. ఆ ప్రాంతం స్టేషన్‌కి ఇన్‌స్పెక్టర్. నేను ఎక్కడ కాలు పెడితే అక్కడికి ముందే వచ్చి, "బావా, ఇది నీ వల్ల కాదులే" అనడం వాడి ఉద్యోగంలో భాగం. రావలసిన ప్రమోషన్ ఏదో ఎంక్వైరీ వల్ల ఏడాదిగా ఆగిపోయింది. అది తప్ప వాడి జీవితంలో మరే లోటూ లేదు. మా ఆవిడ దృష్టిలో అసలు వాడిలోనే ఏ లోపమూ లేదు.

ఒంటిగంటా ఇరవైకి నేను రేంజరుగారి గేటు దగ్గరున్నాను.

పక్కింటావిడ తన గోడ మీద నుంచి వంగి చూస్తోంది. రెండు రోజులుగా అక్కడే ఉన్నట్టుంది, గోడ మీద చిన్న దిండు కూడా వేసుకుంది.

"ఆదివారం చప్పుడు మీరు విన్నారటగా, పిన్నిగారూ?"

"విన్నాను నాయనా. నా కుక్కరు మూడో విజిల్ అనుకున్నాను. స్టవ్ ఆపి చూస్తే పప్పు ఉడకనే లేదు. అప్పుడు గుండె గుభేల్‌మంది."

"టైమెంత?"

"పది ఇరవై. నేను టైము చూడకుండా కుక్కరు పెట్టను."

"తర్వాత?"

"పరిగెత్తుకెళ్లి తలుపు బాదాను. లోపల గడియ. కిటికీలోంచి చూస్తే మనిషి నేల మీద. ఇంటికొచ్చి స్టేషన్‌కి ఫోన్ చేశాను. మీ బావమరిదిని మెచ్చుకోవాలి నాయనా. ఫోన్ పెట్టేసి చెప్పులేసుకుని బయటికొచ్చేసరికి గేటు దగ్గరున్నాడు."

నాకు కాస్త గర్వంగానే అనిపించింది. వాడు తన పెళ్లికే గంటన్నర లేటుగా వచ్చాడు. మనిషి మారాడన్నమాట. అలా అనుకుని లోపలికి నడిచాను. ఈ ముక్క గుర్తుపెట్టుకోండి. నేను గుర్తుపెట్టుకోలేదు.

గది చిన్నది. కిటికీ పక్కన బల్ల, దాని ముందు కుర్చీ, ఎదురుగా గోడవార ఇంకో కుర్చీ, మంచం. బల్ల మీద తెల్ల తువ్వాలు పరిచి ఉంది. తువ్వాలు మీద నూనె సీసా, గొట్టం తుడిచే పొడుగాటి బ్రష్షు, గుడ్డ పీలికలు, ఓ చిన్న స్క్రూడ్రైవరు. వెనకవైపు పెరట్లోకి తలుపు.

మా బావమరిది మంచం మీద కూర్చుని కాగితం రాస్తున్నాడు. పక్కన పారదర్శకమైన కవరులో రివాల్వర్. రేంజరుగారి అమ్మాయి తలుపు దగ్గర నిలబడి ఉంది. ఆమె వెనక ఆమె భర్త. గడియారాలూ కళ్లజోళ్లూ రిపేరు చేసే షాపు అతనిది. చాలా మెత్తని మనిషి. మాట్లాడేముందు ఎదుటివాడి చేతి గడియారం ఓసారి చూస్తాడు.

"వచ్చావా బావా? ఇంకా రాలేదేమా అనుకుంటున్నా. అమ్మా, నువ్వు ఇక్కడ సంతకం పెట్టు."

"ఆగమ్మా," అన్నాను. "అందులో ఏం రాశావోయ్?"

"ఏముంది! పెద్దాయన ప్రతి ఆదివారం పదింటికి రివాల్వర్ శుభ్రం చేసుకుంటాడు. ఈ ఆదివారం లోపల తూటా ఉందన్న సంగతి మర్చిపోయాడు. తుడుస్తుంటే పేలింది. డ్రాయరులో ఉన్న తూటాల పెట్టెలో ఒకటి తక్కువైంది. రివాల్వర్ మీద ఆయన వేలిముద్రలు తప్ప ఇంకెవరివీ లేవు. నీకు చెప్పినా అర్థం కాదుగానీ, చాలా సింపుల్ కేసు."

"ఆ టైములో ఇంట్లో ఎవరున్నారు?"

అమ్మాయి చెప్పింది. "ఎవరూ లేరు అన్నయ్యగారూ. తొమ్మిదీ నలభై అయిదుకి మేమిద్దరం బయల్దేరాం. ఈయన షాపుకి, నేను బట్టల కొట్టుకి. వెనక తలుపు నాన్న ఎప్పుడూ దగ్గరికి వేసే ఉంచుతారు. గడియ పెట్టరు."

నేను బల్ల దగ్గర కుర్చీలో కూర్చున్నాను. కూర్చుంటే కొన్ని విషయాలు కనిపిస్తాయి. నిలబడి పెత్తనం చేసేవాళ్లకి కనిపించవు. బల్ల మీద ఎడమవైపు కళ్లజోడు పెట్టె. మూత తీస్తే దగ్గర చూపు కళ్లద్దాలు చక్కగా మడిచి ఉన్నాయి.

"మీ నాన్నకి రెండు జతలున్నాయా?"

"అవునండీ. దూరానికొకటి, చదువుకోవడానికొకటి. ఒకటి తీసి ఒకటి పెట్టుకోవడానికే ఆయనకి సగం రోజు సరిపోతుంది. ఒకటే అద్దంలో రెండూ వచ్చేలా చేసిస్తానని ఈయన అంటే, ఉన్నవి పాడవలేదుగా అంటారు."

"ఆయన పడిపోయినప్పుడు మొహానికి ఏ జత ఉంది?"

అల్లుడు చెప్పాడు. "దూరం చూపువండీ. ఒక అద్దం పగిలింది. ఆస్పత్రి వాళ్లు నాకే ఇచ్చారు."

"ఏమోయ్, నాకంటే పదేళ్లు చిన్నవాడివి, నువ్వు చెప్పు. గొట్టంలో మురికి తుడిచేవాడు దగ్గర చూపు అద్దాలు మడిచి పెట్టెలో పెట్టి, దూరం చూపు అద్దాలు పెట్టుకుని తుడుస్తాడా?"

"మర్చిపోయుంటాడు."

"తూటా మర్చిపోయాడు, అద్దాలూ మర్చిపోయాడు. కిందటి నెల మా ఇంట్లో తాగిన కాఫీలో చక్కెర తక్కువైందని మొన్న గుర్తుచేసిన మనిషయ్యా ఆయన! ఆయన రివాల్వర్ పక్కన పెట్టి, అద్దాలు మార్చుకుని, ఆ ఎదురు కుర్చీ దగ్గరున్న ఎవరి మొహంలోకో చూస్తున్నాడు. గదిలో ఇంకో మనిషి ఉన్నాడు."

బావమరిది పెన్ను మూత పెట్టాడు. "కళ్లద్దాలు కోర్టులో మాట్లాడవు బావా."

"రివాల్వర్ మాట్లాడుతుందేమో చూద్దాం. అమ్మా, ఈ మధ్య ఈ రివాల్వర్ సరిగ్గా పనిచేస్తోందా?"

అమ్మాయి నా వంక అదోలా చూసింది. "అదే కదా నేను ఆదివారం నుంచీ మొత్తుకుంటోంది! మూడు వారాల క్రితం శుభ్రం చేస్తూ చేస్తూ ఓ స్క్రూ పారేసుకున్నారు. పిడి ముందువైపు ఉంటుందట, లోపల స్ప్రింగుని బిగబట్టేది. అది లేకపోతే వెనకుండే సుత్తి తూటాని గట్టిగా కొట్టదు. ఊరికే టుక్కుమంటుంది. పేలదు."

"వెతికారా?"

"వెతక్కపోవడమేంటి! ఆ రోజంతా మంచం కిందే. భోజనం పళ్లెం కూడా కిందికే తోశాను. అయస్కాంతానికి దారం కట్టి ఇల్లంతా ఈడ్చారు. ఊడ్చిన చెత్త జల్లెడ పట్టారు. అప్పటి నుంచే బల్ల మీద ఈ తెల్ల తువ్వాలు. తర్వాత ఈయన షాపులోంచి తెచ్చిన స్క్రూలన్నీ పెట్టి చూశారు, ఏదీ పట్టలేదు. పక్కూళ్లో తుపాకులు బాగుచేసే మేస్త్రికి ఉత్తరం రాస్తే, చేత్తో చెయ్యాలి, వచ్చే నెల రమ్మన్నాడు."

నాకు రేంజరుగారి మీద అప్పటికప్పుడు ఆప్యాయత పుట్టుకొచ్చింది. మా ఇద్దరి బతుకూ ఒకటే.

"రివాల్వర్ పేలదని ఎవరెవరికి తెలుసు?"

"ఎవరికి తెలీదో అడగండి. ఇంటికొచ్చిన ప్రతివాళ్లకీ టుక్కు టుక్కుమని నొక్కి చూపించి బాధపడేవారు. పాలవాడికి తెలుసు, పక్కింటి పిన్నిగారికి తెలుసు. స్టేషన్‌కి వెళ్లి కాగితం కూడా రాసిచ్చొచ్చారు, నా రివాల్వర్ ప్రస్తుతం పనిచేయడం లేదు, దొంగలొస్తే నా మీద ఆధారపడొద్దు అని."

బావమరిది వైపు తిరిగాను. "కాగితం అందిందా?"

"స్టేషన్‌కి రోజుకి వంద కాగితాలొస్తాయి బావా. అన్నీ చదువుతూ కూర్చుంటే దొంగల్ని నువ్వు పడతావా?"

"సరే, కవరు ఇలా ఇవ్వు. మూడు వారాలుగా పేలని రివాల్వర్ ఆదివారం ఎందుకు పేలిందో చూద్దాం."

ఇవ్వడేమో అనుకున్నాను. ఇచ్చాడు. నా చేతకానితనం మీద వాడికి అంత నమ్మకం.

చేతికి రుమాలు చుట్టుకుని రివాల్వర్ బయటికి తీసి, పిడి ముందువైపు వెలుతురుకి తిప్పాను. స్క్రూ ఉంది. రివాల్వర్ అంతా నల్లగా నిగనిగలాడుతుంటే, అదొక్కటే వెండిలా తెల్లగా మెరుస్తోంది. బల్ల మీదున్న స్క్రూడ్రైవరుతోనే విప్పి తువ్వాలు మీద పెట్టాను. కొస కొద్దిగా అరగదీసి ఉంది. తలలో గాడి ఒక పక్కకి చెదిరిపోయి ఉంది. ఆ గాడి లోపల, ఆవగింజలో సగం, ఎర్రటి చుక్క.

నా ఫోన్‌తో నాలుగు ఫొటోలు తీశాను.

"ఇది రేంజరుగారు పారేసుకున్న స్క్రూ కాదు," అన్నాను. నా గొంతు నాకే బాగుంది. "ఈ ఇంట్లో దొరికిందీ కాదు. బయటి నుంచి ఒక మనిషి దీన్ని కొస అరగదీసి మరీ పట్టుకొచ్చాడు. పాపం పెద్దాయన మహదానందంగా తన చేత్తోనే బిగించుకుని ఉంటాడు. అందుకే వేలిముద్రలు ఆయనవే. తర్వాత ఆ మనిషి ఏదీ ఓసారి చూస్తానని గుడ్డతో పుచ్చుకుని, డ్రాయరులోంచి తూటా వేసి పేల్చాడు. రెండో తూటా వేసే లోపు పిన్నిగారు తలుపు బాదింది. పెరటి తలుపులోంచి పోయాడు. ఇది ప్రమాదం కాదోయ్. హత్యాప్రయత్నం."

బావమరిది నుదురు తుడుచుకున్నాడు. నా తెలివి చూసి వాడికి చెమట పట్టిందనుకున్నాను.

"ఆ ఎర్రది రక్తం," అన్నాడు.

అప్పుడే అల్లుడు ముందుకొచ్చాడు. కంటికి భూతద్దం గొట్టం తగిలించుకుని వంగి చూశాడు. వృత్తి ధర్మం మనిషిని ఎక్కడ ముంచుతుందో చెప్పలేం.

"రక్తం కాదు సార్, గోళ్ల రంగు. స్క్రూ వదులు కాకుండా మా షాపులో కూడా ఇదే పూస్తాం."

మాట బయటికొచ్చాక గాని అతనికి తను ఏమన్నాడో తెలీలేదు. బావమరిది మొహంలో వెలుగు మెల్లగా పాకింది.

"మీ షాపులో," అన్నాడు. "స్క్రూలు మీ షాపువే. అరగదీసే ఆకురాయి మీ షాపులోదే. గోళ్ల రంగూ మీ షాపులోదే. ఆదివారం పదింటికి షాపులో నిన్ను ఎవరైనా చూశారా?"

"షట్టర్ సగం దించుకుని రిపేర్లు చేసుకుంటున్నానండీ. ఆదివారం కదా, ఎవరూ రారు."

"ఎవరూ చూళ్లేదు. థాంక్స్ బావా. నేను ప్రమాదమని మూసేస్తున్న కేసుని నువ్వే హత్యాప్రయత్నం చేశావు. ముద్దాయిని కూడా నువ్వే చూపించావు. పదవయ్యా!"

ఇంతలో అమ్మాయి ఫోను మోగింది. విని ఏడుస్తూనే నవ్వింది. "నాన్న కళ్లు తెరిచారట! నాలుగింటికల్లా మాట్లాడొచ్చని డాక్టరుగారు అంటున్నారు."

"బాగుంది," అన్నాడు బావమరిది, స్క్రూని కాగితంలో మడిచి జేబులో పెట్టుకుంటూ. "స్టేట్‌మెంట్ నేనే స్వయంగా తీసుకుంటాను. అప్పటిదాకా లోపలికి ఎవరూ వెళ్లొద్దు. కూతురైనా సరే, ముద్దాయి భార్య కదా."

అల్లుణ్ణి తీసుకుపోతుంటే అతను గుమ్మం దగ్గర ఒక్క క్షణం ఆగాడు. "సార్, ఆ స్క్రూ నా షాపుది కాదు. నా షాపు స్క్రూలు దాని ముందు చీమల్లా ఉంటాయి. అది కుట్టుమిషన్ స్క్రూ సార్. నేను తప్పు చెప్పను."

జీపు వెళ్లిపోయింది. రేంజరుగారి అమ్మాయి నా వైపు తిరిగింది.

"మిమ్మల్ని పిలిచింది మా నాన్న కోసం అన్నయ్యగారూ. మా ఆయన్ని పట్టివ్వడానికి కాదు."

"నాలుగింటికి మీ నాన్నే చెప్తారమ్మా. అల్లుణ్ణి వదిలేస్తారు."

"నాలుగింటి దాకా ఆయన బతికుండాలిగా! పేల్చినవాడు బయటే ఉన్నాడుగా! గురువారం ఏదో కలప లారీ ఎంక్వైరీలో సాక్ష్యం చెప్పాలని, చొక్కా ఇస్త్రీ చేయించి మరీ తగిలించుకున్నారు, చూడండి."

చూశాను. గోడకి తెల్ల చొక్కా వేలాడుతోంది. గురువారం కోసం ఆదివారమే ఇస్త్రీ చేయించుకునే మనిషి తూటా మర్చిపోయాడట!

నేను ధైర్యంగానే ఉన్నాను. ఊళ్లో కుట్టుమిషన్లు వేలల్లో ఉంటాయి. కానీ ఏ కంపెనీ మిషన్‌కి ఏ చోట అలాంటి స్క్రూ వాడతారో తెలిస్తే వేలు వందలవుతాయి, వందలు పదులవుతాయి. మొదట ఏదో ఒక మిషన్ పక్కన ఫొటో పెట్టి పోల్చి చూడాలి. దగ్గర్లో నాకు చనువున్న మిషన్ ఒకటే. మూడూ పదికి ఇంటికెళ్లాను.

మా ఆవిడ వంటింట్లో ఉంది. నేను మిషన్ ముందు కూర్చుని పలక మీదకి టార్చి వేశాను. ఒక బెజ్జంలో నా అగ్గిపుల్ల ముక్క తప్ప ఏమీ లేదు. రెండో బెజ్జంలో స్క్రూ ఉంది. దాని పక్కన ఫోన్‌లో ఫొటో పెట్టాను.

తెల్లటి మెరుపు, సైజూ ఒకటే. నేను ఏడాది క్రితం వెన్న రాసే కత్తితో తిప్పబోయి గాడి ఒక పక్కకి చెదరగొట్టాను, రెండింటికీ. ఆ చెదిరిన తీరు కూడా ఒకటే. ఇక, గాడి లోపల ఎర్రటి చుక్క.

"ఏమేవ్! ఈ స్క్రూ మీద ఈ ఎర్ర రంగు ఏమిటి?"

"గోళ్ల రంగు," అంది లోపల్నుంచి. "నా మిషన్ స్క్రూలు మీ డబ్బాలో కలిసిపోతే తెలియాలి కదా. అందుకని రెండింటికీ పెట్టాను. ఎప్పుడో పెట్టాను, మీకు ఇప్పుడు కనిపించిందా? పైగా డిటెక్టివ్!"

"మరి పోయిన స్క్రూ నా డబ్బాలో ఉంటే ఎర్రగా కనిపించాలిగా! నేను దొంగనని పది రోజులుగా..."

మా ఆవిడ చెయ్యి తుడుచుకుంటూ బయటికొచ్చింది. మొహంలో ఎప్పుడూ చూడని ఒక మెత్తదనం.

"కోప్పడకండి. అది మా తమ్ముడికి నేనే ఇచ్చాను. ఆ శనివారం భోజనానికొచ్చాడు కదా, జీపు అద్దానికి స్క్రూ కావాలని మీ డబ్బా అంతా వెతికాడు. ఏదీ కుదర్లేదు. చివరికి ఇది చూసి ఇదైతే సరిపోతుందన్నాడు, రెండ్రోజుల్లో తిరిగిస్తానన్నాడు. బావకి చెప్పకు, ఎగతాళి చేస్తాడన్నాడు."

"మరి నన్నెందుకు తిట్టావు?"

"మీరు పారేశారంటేనే మీరు కొత్తది తెస్తారు. వాడు తీసుకెళ్లాడంటే వాడే తెస్తాడులే అని కూర్చుంటారు."

ఆమె చెప్పింది నిజమే. కానీ ఆ సమయంలో నాకు వేరే విషయాలు గుర్తొస్తున్నాయి. ఫోన్ పెట్టి చెప్పులేసుకునే లోపు గేటు దగ్గరికొచ్చిన మనిషి. స్టేషన్ అక్కడికి రెండు కిలోమీటర్లు. రేంజరుగారు రాసిచ్చిన కాగితం. పెరటి తలుపు. నుదుటి మీద చెమట.

"మీ తమ్ముడి ప్రమోషన్ ఆగింది ఏ ఎంక్వైరీ వల్ల?"

"అదేనండీ, పట్టుకున్న కలప లారీ ఒకటి స్టేషన్ ఆవరణలోంచే మాయమైందని. ఆ లారీ రాత్రికి రాత్రి ఎవరు వదిలేశారో చూసిన సాక్షి ఒకడున్నాడట. వాడెవడో గాని, గురువారం వాడు నోరు విప్పకపోతే చాలు, మావాడు గట్టెక్కుతాడు. నేను మొక్కని దేవుడు లేడు."

గడియారం మూడూ ఇరవై అయిదు. ఆస్పత్రికి ఫోన్ చేశాను. వార్డు సిస్టరు ఎత్తింది.

"రేంజరుగారి గదిలో ఎవరున్నారు సిస్టర్?"

"ఇన్‌స్పెక్టరుగారు ఇప్పుడే వచ్చారు. తలుపు దగ్గర కానిస్టేబుల్ని టీ తాగి రమ్మని పంపేశారు. స్టేట్‌మెంట్ తీసుకోవాలి, నన్నూ బయటికి వెళ్లమంటున్నారు."

"వెళ్లొద్దు! చచ్చినా వెళ్లొద్దు. పేషెంటుకి బీపీ చూడండి."

"ఇప్పుడే చూశానండీ."

"మళ్లీ చూడండి. రెండో చేతికి చూడండి. డాక్టరుగార్ని రమ్మనండి. నేను వచ్చేదాకా ఆ గదిలో ఏదో ఒకటి చూస్తూనే ఉండండి. ఆయన మాట్లాడటం మొదలుపెడితే మీరు పక్కనుండి వినాలి. అర్థమైందా?"

సిస్టరు గొంతు తగ్గించి అడిగింది. "ఎంతసేపట్లో వస్తారు?"

"పదిహేను నిమిషాలు."

"బీపీతో పది నిమిషాలు లాగుతాను. మిగతా అయిదు మీరు చూసుకోండి."

వీధిలోకెళ్లి, మా ఆవిడకి వినపడకుండా, మా బావమరిది పై ఆఫీసరుకి కూడా ఫోన్ చేసి సంగతి చెప్పి, ఫొటోలు పంపాను. ఆయన మనుషుల్ని పంపుతున్నానన్నాడు, అరగంటలో. రెండో స్క్రూ విప్పి జేబులో వేసుకుని చెప్పులేసుకుంటుంటే మా ఆవిడ క్యారియర్‌తో సిద్ధంగా నిలబడి ఉంది.

"ఆస్పత్రికేగా? నేనూ వస్తాను. తమ్ముడు పొద్దున్నుంచి ఏమీ తినలేదట. కేసు కోసం ఎంత కష్టపడుతున్నాడో పాపం!"

వద్దని చెప్పడానికి నా దగ్గర కారణం ఉంది గాని, మాట లేదు. నా వెనకే వచ్చి ఆటో ఎక్కింది.

ఇప్పుడు ఆటోలో ఉన్నాను. కేసు విషయంలో నాకు ఏ సందేహమూ లేదు. నా జేబులో ఒక స్క్రూ ఉంది, దాని జత మా బావమరిది జేబులో ఉంది. రెండూ పక్కపక్కన పెడితే అల్లుడు ఇంటికెళ్తాడు, రేంజరుగారు గురువారం ఇస్త్రీ చొక్కా వేసుకుంటారు. ఆ గదిలోకి ఎలా వెళ్లాలో, వాడి చెయ్యి నడుం దగ్గరికి పోకుండా ఎక్కడ నిలబడాలో, అన్నీ ఆలోచించి పెట్టుకున్నాను. సిస్టరు మీద కూడా నాకు నమ్మకం ఉంది.

నా బాధల్లా ఒకటే. నా పక్కన మా ఆవిడ కూర్చుని ఉంది. ఒళ్లో వేడి క్యారియర్. అది వాడి కోసం. నేను గదిలోకి అడుగుపెట్టగానే నా వెనకే వస్తుంది, వాడి మొహం చూస్తుంది, నా మొహం చూస్తుంది. ఆ స్క్రూ ఎవరిచ్చారని కోర్టు అడిగితే, ఈ లోకంలో చెప్పగలిగిన సాక్షి ఆమె ఒక్కతే. తన చేత్తో రంగు పూసి, తన చేత్తో విప్పి ఇచ్చింది.

"ఏంటండీ, అలా చెమటలు పడుతున్నాయి?" అంటోంది. తన చెంగుతో నా నుదురు తుడుస్తోంది. పాతికేళ్లలో ఇది రెండోసారి.

అయ్యా, అమ్మా, చదువుతున్న మీలో పెళ్లయినవాళ్లు తప్పకుండా ఉంటారు. తమ్ముణ్ణి కొడుకులా పెంచిన అక్కలూ ఉంటారు. ఆస్పత్రికి ఇంకా రెండు సిగ్నల్సే ఉన్నాయి, మొదటిదానికి ఎర్రదీపం పడింది. ఈమెకి ఈ మాట ఇప్పుడే, ఇక్కడే చెప్పెయ్యనా? క్యారియర్ నా చేతికిచ్చి గేటు దగ్గరే ఆగమననా? లేక ముందు తననే లోపలికి పంపనా, అక్కని చూస్తే వాడి చెయ్యి ఆగుతుందేమో? ఎలా మొదలుపెట్టాలో ఒక్క వాక్యం చెప్పండి చాలు, మిగతాది నేను చూసుకుంటాను. మీకు దణ్ణం పెడతాను, కొంచెం త్వరగా చెప్పండి. పచ్చదీపం పడుతోంది.